మంచాన్ని ఆనుకున్న తొట్టె

రంగుదేముంది, పసుపైతే ఊరికే మాసిపోతుంది, బూడిద రంగైతే మాసినా పైకి తెలియదు, అంతకు మించి తేడా లేదు, ముందు చూడాల్సింది ఎత్తు, అందుకే పొద్దున మంచం పక్కన కూలబడి, నేల మీంచి పరుపు పై అంచు దాకా రిబ్బను ఆనించి, అక్కడికి కత్తిరించి, చుట్టచుట్టి సంచిలో వేసుకుంది, ఈ నిండు కడుపుతో కూలబడటం సులువే గానీ మళ్లీ లేచేసరికి తలప్రాణం తోకకొచ్చింది, అయినా ఫర్వాలేదు, తొట్టె పరుపూ తమ మంచం పరుపూ ఒకే మట్టంలో ఉండాలి, మధ్యలో మెట్టు ఉండకూడదు, సందు అసలే ఉండకూడదు, అనుకుంటూ ఆమె కదిలే మెట్ల చివర ఆచితూచి కాలు తీసి మూడో అంతస్తులో పెట్టేసరికి చెవి మిషన్లలోకి ఆ పిల్లల సామాన్ల కొట్టు మొత్తం ఒక్క ఊపున దూరింది, పైకప్పులోంచి పాట, ఎవరి పిల్లాడో బొమ్మ కారు కోసం తీస్తున్న రాగం, ఏసీ హోరు, బిల్లు యంత్రం కిచకిచ, అన్నీ ఒకే గంపలో కుమ్మరించినట్టు, మామూలు చెవులున్నవాళ్లు ఈ గంపలోంచి తమకు కావలసినది ఏరుకుంటారట, మిషన్లకు ఆ తెలివి లేదు, వాటికి అందరూ సమానమే, మనిషి మాటైనా కుర్చీ ఈడ్చిన చప్పుడైనా ఒకటే మర్యాద, తీసి సంచిలో పడేద్దామా అనుకుంది, కానీ ఇవాళ కాదు, ఇవాళ ప్రతి మాటా వినాలి, వినపడనిది చూసైనా పట్టుకోవాలి.

ముందు నడుస్తున్న అత్తయ్య వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే మొదట తన మొహం ఆమె మొహానికి ఎదురుగా తెచ్చి, ఆ తర్వాతే నోరు తెరిచి, కాళ్లు లాగుతున్నాయామ్మా, కాసేపు కూర్చుంటావా అంది, అరవదు అత్తయ్య, అదే ఆమె గొప్ప, పెళ్లి మాటలకు వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ తన చెవుల దగ్గర కేకలు పెడుతుంటే ఈ ఒక్క మనిషి కుర్చీ దగ్గరికి లాక్కుని, వెలుతురు తన మొహం మీద పడేలా కూర్చుని, మామూలు గొంతుతో, నువ్వు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతావటగా, తప్పులు పట్టే కోడలు వస్తోందన్నమాట, నా గతేం కాను అని నవ్వింది, ఆ నవ్వు చూసే సరేనంది తను, ఆయన్ని చూసి కాదు, ఆయన్ని చూసి సరేననడానికి ఇంకొంచెం టైము పట్టింది, అత్తయ్య బతుకంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, చెవులతోనే అన్నం తిన్న మనిషి, రిటైరైనా ఆ చెవులు రిటైరు కాలేదు, మెట్ల మీద అడుగు పడితే ఎవరిదో చెప్పేస్తుంది, వంటింట్లో కుళాయి బొట్టు కారితే పడకగదిలోంచి లేచొస్తుంది, మీ మావయ్య అబద్ధం ఆడబోతే ముందు గొంతు సవరించుకునేవారే, నాకు ఆ సవరింపులోనే తెలిసిపోయేది అంటుంది, అలాంటి మనిషికి కోడలి చెవుల మీద ఎంత జాలి ఉండాలో అంతా ఉంది, ఇన్నాళ్లూ ఆ జాలి చల్లగానే ఉంది, కడుపు పండిన దగ్గర్నుంచే కొద్దికొద్దిగా బరువెక్కుతోంది, గిన్నె కింద పడితే నాకు చెప్పు, బెల్లు కొడితే నేను తీస్తా, నువ్వు లేవకు, నువ్వు కూర్చో, నేను విన్నాలే.

నువ్వు కూర్చో అంటే ఇవాళా కూర్చుంది, చూపు కోసం పెట్టిన మంచాల వరసలో చివరి దాని మీద, ఎదురుగా తొట్టెలు, ఉయ్యాలలు, తెరలున్నవి, తెరల్లేనివి, చక్రాలవి, పైన బొచ్చు ఏనుగులు వేలాడేవి, ఒక అట్టపెట్టె మీద వాడే విధానం అచ్చేసి ఉంది, కళ్లు ఊరుకోవు కదా, వృత్తి రోగం, చదివింది, బిడ్డను మడతపెట్టే ముందు తొట్టెను తీసివేయవలెను అని ఉంది, ఎవరు దిద్దారో మహానుభావులు, మడతపెట్టాల్సింది తొట్టెని, తీయాల్సింది బిడ్డని, నవ్వొచ్చింది, పొట్ట కదిలింది, లోపల ఉన్నది ఒక తన్ను తన్నింది, నిన్ను ఎవరూ మడతపెట్టరులే అని పొట్ట మీద చెయ్యేసి చెప్పింది, దీని భాష తనకు బాగా అర్థమవుతుంది, ఇంతవరకూ ఇది మాట్లాడినదంతా తన్నులూ గుద్దులే, ఒక్కటీ చెవితో వినాల్సింది కాదు, తమ ఇద్దరి మధ్యా ఏ మిషనూ అక్కర్లేదు, బయటికొచ్చాకే చిక్కు, బయటికొచ్చి నోరు తెరిచి ఏడిస్తే, తను మిషన్లు తీసేసి పడుకుని ఉంటే, రాత్రీ పగలూ పెట్టుకుని ఉంటే చెవి లోపల ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, రాత్రి తీయక తప్పదని చెవి డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది, తీస్తే ఇక దూదిలో దిగబడినట్టే, ఆయనేమో రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, ఊరంతా పడుకున్నాక పిండి కలపడానికి వెళ్లి ఊరు లేచేవేళకు పిండి కొట్టిన కనుబొమలతో వస్తారు, కనుక మంచం మీద తనూ మంచాన్ని ఆనుకుని బిడ్డా, ఇద్దరే, చెయ్యి చాస్తే అందాలి, కన్ను తెరిస్తే కనపడాలి, అందుకే ఈ తొట్టె, వేరే గదిలో ఉయ్యాల కాదు, మంచం మీద మధ్యలోనూ కాదు, మంచం మీద దిండ్లూ దుప్పట్లూ తన సొంత భుజమూ ఉంటాయి, వాటికింద పసిముక్కు ఎంత.

తల ఎత్తి చూసేసరికి అత్తయ్య దూరంగా, ఆ పక్క గోడ దగ్గర, తెరలు కట్టిన ఉయ్యాల పక్కన కొట్లో అమ్మాయితో మాట్లాడుతోంది, ఆ అమ్మాయి నోట్లో చూయింగ్ గమ్ నములుతోంది కనుక ఆమె పెదాలు చదవడం బ్రహ్మతరం కాదు, కానీ అత్తయ్య పెదాలు అచ్చు అక్షరాల్లాంటివి, విడివిడిగా, పొల్లు తప్పకుండా, ఎక్స్ఛేంజిలో అలవాటైన నోరు, ఎంత దూరం నుంచైనా చదవొచ్చు, చదవకూడదని తెలుసు, ఇంకొకరి ఉత్తరం విప్పినట్టే, తల తిప్పుకోబోయింది, ఈలోగానే పడిపోయాయి కళ్లలో, మా కోడలికి వినపడదమ్మా, పాపం, అందుకని రాత్రిళ్లు బిడ్డ నా గదిలోనే, ఇది నా మంచం పక్కన పడుతుందా, మా అబ్బాయి కూడా సరేనన్నాడు, పాలకు మాత్రం నేనే లేపి ఇస్తా, ఆ ముక్కతో అత్తయ్య ఉయ్యాలని ఒకసారి ఊపి చూసింది, తెర కుచ్చులు అటూ ఇటూ ఊగాయి, మా అబ్బాయి కూడా సరేనన్నాడు, కూడా అంటే, అంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, తను ఎక్కడుంది అప్పుడు, వంటింట్లోనా, స్నానానికి వెళ్లిందా, లేక అదే గదిలో, వాళ్ల పక్కనే, మిషన్లు తీసి పుస్తకం చదువుకుంటూ ఉందా, పాలకు లేపి ఇస్తుందట, అంటే తను పాలు ఇచ్చే వేళకి పిలిపించుకునే మనిషి, ఇచ్చేశాక మళ్లీ ఎవరి గదిలోకి వాళ్లు, అదీ వాళ్ల ఏర్పాటు, కన్నది నువ్వు, రాత్రి మాత్రం మాది, ఏడవకూడదు, ఇక్కడ, ఈ ఏనుగు బొమ్మల మధ్య, ఏడిస్తే చూశావా, వినపడని పిల్ల ఎంత బెంగపడుతోందో అంటారు, బెంగ కాదు ఇది, కోపం, కోపానికి కూడా కళ్లలో నీళ్లే వస్తాయి, అదే చిక్కు.

ఫోను తీసింది, ఆయన ఈ వేళకి నిద్రలో ఉంటారు, ఉండనీ, బిడ్డని అత్తయ్య గదిలో పడుకోబెట్టడానికి సరేనన్నారా అని కొట్టింది, ముందూ వెనకా ఏమీ లేకుండా, ప్రశ్న గుర్తు మాత్రం పెట్టింది, ప్రశ్న గుర్తు పెట్టకుండా వదిలే చెయ్యి కాదు తనది, కాసేపటికి జవాబు, నేనెక్కడ సరేనన్నాను, అమ్మ అడిగితే చూద్దాంలే అన్నాను అంతే, చూద్దాం, అదీ సంగతి, ఆయన దగ్గర అన్నింటికీ ఉన్న ఒకే ఒక మందు, కుళాయి కారుతోందంటే చూద్దాం, ఇల్లు మారదామంటే చూద్దాం, మనసులో ఆయనకు చూద్దాంగారని పేరు పెట్టి ఎన్నాళ్లయిందో, ఆయన చూద్దాం అంటే తనకు కాదని అర్థం, అత్తయ్యకు ఔనని అర్థం, ఆయనకు మాత్రం ఇంకాస్త నిద్రపోవచ్చని అర్థం, వెంటనే ఇంకో ముక్క వచ్చింది, నీ పక్కనే ఉండాలి మన బుజ్జి, నేను అమ్మతో చెప్తాను, ఇప్పుడే ఫోన్ చేయనా, ఔను అని కొట్టబోయి ఒక్క క్షణం తన వేలు ఆగింది, ఎంత హాయి, మొగుడు ఫోను చేసి తల్లికి చెప్తాడు, తను పక్కకు తిరిగి ఏనుగులు చూసుకుంటుంది, కానీ అప్పుడు మళ్లీ ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడినట్టే, బిడ్డ పుట్టకముందే బిడ్డ గురించి మాట్లాడే పని వేరేవాళ్ల చేతికిచ్చినట్టే, వద్దు, నేనే చెప్తాను, మీరు పడుకోండి అని కొట్టి ఫోను సంచిలో పడేసి, రిబ్బను బయటికి తీసి, మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది.

నేరుగా వెళ్లి, ఉయ్యాలకీ అత్తయ్యకీ మధ్య నిలబడి, అత్తయ్యా, బిడ్డ నా పక్కనే పడుకుంటుంది అంది, తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో తనకు తెలియదు, పక్క వరసలో ఎవరో తిరిగి చూశారు కనుక కాస్త పెద్దగానే వచ్చి ఉండాలి, అత్తయ్య ముందు తెల్లబోయింది, తర్వాత తన పెదాల మీద వేలు వేసుకుంది, చదివేశావా అన్నట్టు, చదివేశానన్నట్టు ఆమె తల ఊపింది, కొట్లో అమ్మాయికి ఏమీ అర్థం కాక నమలడం ఆపింది, అత్తయ్య తప్పు చేసినదానిలా ముడుచుకుపోలేదు, అదే నయం, నిలబడి, మొహం ఎదురుగా పెట్టి, నీ మీద నమ్మకం లేక కాదమ్మా, రాత్రి ఏడుపు వినపడకపోతే ఎలా, గుక్కపట్టి ఏడిస్తే ఎలా, నువ్వు కావాలని చేస్తావా ఏంటి, నీకు తెలియదు గదా పాపం అంది, ఆ పాపం అన్నమాట ఒక్కటి లేకుండా ఉంటే బాగుండేది, ఏడుపుకి వేరే ఏర్పాటు చేశాను కదా అత్తయ్యా, మీకూ చూపించాను అంది ఆమె, చూపించిన మాట నిజమే, ఏడుపు వినగానే దిండు కింద బిళ్ల వణికే సామాను, డాక్టరమ్మ చెప్తే తెప్పించుకుంది, దాన్ని పరీక్షించడానికి ఆయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి పసిబిడ్డలా ఏడవమంటే, సిగ్గుపడుతూ మొదలుపెట్టి, పోనుపోను ఊపందుకుని, చివరికి పైవాటా వాళ్లు తలుపు కొట్టి ఏం ఘోరం జరిగిందని అడిగారు, బిళ్ల బాగానే వణికింది, కాకపోతే వీధిలో లారీ పోయినా వణికింది, కుక్క మొరిగినా వణికింది, అత్తయ్య గురకకూ వణికింది, ఆ సంగతి ఇప్పుడు అత్తయ్యే గుర్తు చేసింది, నా గురకకి లేస్తావా, బిడ్డ ఏడుపుకి లేస్తావా అని, న్యాయమైన మాటే, అందుకే అత్తయ్యా, వణికితే కళ్లు తెరిచి చూస్తాను, చూస్తే ఎదురుగా కనపడాలి, కనపడితే చెయ్యి అందాలి, అందుకే మంచాన్ని ఆనుకుని ఉండాలి అంటున్నాను, ఇది బేరం కాదు, మంచిది ఏదో చూడటానికి మాత్రం మీ సాయం కావాలి అంది.

అత్తయ్య ఉయ్యాల మీంచి చెయ్యి తీసి, సరే, చూపించు మరి, ఏది కావాలో అంది, సరే అన్నది గానీ మూతి ఇంకా వంకరగానే ఉంది, పందెం కట్టిన మనిషి మూతి, కొట్లో అమ్మాయికి ఇక్కడేదో జరుగుతోందని తెలిసి హుషారొచ్చింది, ఇదిగోండి, అందరూ ఇదే తీసుకుంటున్నారు అంటూ చక్రాల తొట్టె దొర్లించుకొచ్చి చూపు మంచానికి ఆనించింది, గమ్ము నోటిలోంచి తీసి కాగితంలో పెట్టమని ఆమె మర్యాదగా అడిగితే, అయ్యో సారీ అక్కా అని తీసేసింది, ఇప్పుడా అమ్మాయి పెదాలు కూడా అక్షరాలయ్యాయి, తొట్టె చూడ్డానికి బంగారంలా ఉంది, అంచుల చుట్టూ మెత్తటి దిండ్లు, తలకింద బుల్లి దిండు, వేళ్లు దిగబడిపోయే పరుపు, ఒక పక్క జిప్పు తీస్తే అడ్డు కిందికి పడిపోతుంది, అత్తయ్య పరుపు మీద అరచెయ్యి నొక్కి, అబ్బ, వెన్నలా ఉంది, పసివాళ్లకి ఇలాంటిది కావాలి అంది, వెన్నలో మొహం దిగితే ఊపిరెలా అత్తయ్యా అని మనసులో అనుకుని, పైకి మాత్రం, పడుకుని చూస్తాను, ఒక బొమ్మ ఉంటే ఇస్తావా అని అమ్మాయిని అడిగింది, కొనేవాళ్లకి చూపించడానికి పెట్టుకున్న ఇసుక నింపిన గుడ్డ బొమ్మ ఒకటి తెచ్చిచ్చింది, బరువు నిజంగా పసిబిడ్డ బరువే, చేతుల్లోకి తీసుకోగానే మోచేతులు వాటంతటవే వంగాయి, ఎవరూ నేర్పకుండానే, మంచం వైపు జిప్పు తీసి, బొమ్మని తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, తను మంచం మీద వాలి, పక్కకు ఒత్తిగిల్లి, రెండు చెవుల మిషన్లూ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

కొట్టు మాయమైంది, పాట లేదు, రాగం లేదు, పైకప్పు వెలుగు మాత్రం ఉంది, అత్తయ్య పెదాలు కదులుతున్నాయి, అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, తను కళ్లు మూసుకుంది, చెయ్యి చాచి బొమ్మ పొట్ట మీద వేసింది, ఇలా ఉంటుందన్నమాట, రాబోయే రాత్రులన్నీ ఇలా, ఇంత నిశ్శబ్దంలో, ఈ నిశ్శబ్దం అంటే భయపడే రోజులు ఉండేవి, కాలేజీ చివరి ఏడు కుక్కరు కూత వినపడక మాడిన గిన్నెలు, వెనకనుంచి పిలిచిన స్నేహితురాళ్లు పొగరు అనుకుని మాట్లాడటం మానేసిన రోజులు, అప్పుడు దీన్ని గొయ్యి అనుకునేది, ఇప్పుడు గొయ్యి కాదు, గది, అందులో సామాను ఎక్కడుందో తనకు తెలుసు, ఇలాగే అనుకుంటూ కాస్త సర్దుకుందామని ఒళ్లు కదిపింది, అంతే, మోచెయ్యి కింద పరుపు జారింది, చక్రం ఎక్కడో ఒక బెత్తెడు పక్కకు దొర్లింది, అరచేతి కింద ఉన్న పొట్ట మెల్లగా, సబ్బుముక్క జారినట్టు జారి, చేతికింద మరేమీ లేకుండా పోయింది, కళ్లు తెరిచింది, బొమ్మ తొట్టెకీ మంచానికీ మధ్య సందులో ఉంది, కాళ్లు కిందికి, మొహం పరుపు పక్కకు పూర్తిగా అదుముకుని, ఎంత మర్యాదగా పోయిందో, ఎవరినీ కదిలించకుండా, ఆ పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర, అత్తయ్య అమ్మాయి వైపు తిరిగి ఇంకా చెప్తూనే ఉంది, పెదాలు స్పష్టంగా కనపడుతున్నాయి, చీమ నడిచినా నాకు వినపడుతుందమ్మా, బిడ్డ ఒత్తిగిల్లితే వినపడదా.

అరుద్దామనుకుంది, అరవలేదు, అత్తయ్య మణికట్టు పట్టుకుని ఆ చేతిని సందులోకి దింపింది, ముందు ఏమిటిది అన్నట్టు చూసింది అత్తయ్య, తర్వాత వేళ్లకు గుడ్డ తగిలింది, తల తగిలింది, ఆ మొహం ఎటువైపు ఉందో వేళ్లు తడిమి తెలుసుకున్నాయి, మాట ఆగిపోయింది, అంత మాటకారి మొహం అలా ఆగిపోవడం ఆమె ఇంతకుముందు చూడలేదు, మిషన్లు మళ్లీ పెట్టుకుంటుంటే మొదట చెవిలో పడినది అత్తయ్య గొంతే, చాలా చిన్నగా, ఎప్పుడు పడిందే ఇది అని, ఇప్పుడే అత్తయ్యా, మీరు మాట్లాడుతుండగా, నాకు వినపడలేదే అంది అత్తయ్య, ఆ మాటలో గొప్ప లేదు, వాదన లేదు, పాపం అసలే లేదు, తెలియక అడిగిన చిన్నపిల్ల గొంతు, ఇసుక బొమ్మ కదండీ ఆంటీ, దానికి ఏడవడం రాదు అని అమ్మాయి నవ్వబోయింది, ఎవరూ నవ్వకపోయేసరికి, బెల్టు బిగిస్తే ఇలా జరగదండీ, బెల్టు విడిగా కొనుక్కోవాలి అని గబగబా సర్దింది, అక్కర్లేదు, ఇది తీసెయ్యి అంది ఆమె, గట్టిగా, రెండో మాటకు చోటు లేకుండా.

తర్వాతది అద్దంలా మెరిసే చెక్కది, అందంగా ఉంది, కానీ రిబ్బను పెట్టి చూస్తే పరుపు చాలా లోతున ఉంది, పక్క అడ్డేమో భుజం దాకా వచ్చింది, ఇందులోంచి బిడ్డని తీయాలంటే లేచి కూర్చుని వంగాలి, కోత పడితే కుట్లతో వంగేదెలా, వద్దు, ఇంకొకటి ఒకవైపు ఎత్తుగా ఏటవాలుగా పెట్టుకోవచ్చట, పాలు కక్కే పిల్లలకి మంచిదండీ అంది అమ్మాయి, పడుకునేది కొండ మీద కాదు, చదునుగా ఉండాలి, నిద్రలో గడ్డం గుండె మీదికి వాలితే గాలి ఆడదని డాక్టరు చెప్పారు, వద్దు, అత్తయ్య ఇప్పుడు మధ్యలో దూరడం లేదు, పక్కన నిలబడి చూస్తోంది, చివరికి అరల వెనక నుంచి లాక్కొచ్చినది బూడిద రంగుది, ఎవరూ అడగడం లేదని దుమ్ము పట్టిపోయింది, కుచ్చుల్లేవు, ఏనుగుల్లేవు, కాళ్లకి చక్రాలు లేవు, కింద మరలు తిప్పితే కాలు పొడుగు పొట్టి అవుతుంది, రిబ్బను ఆనించి తిప్పింది, సరిగ్గా మంచం మట్టానికి వచ్చింది, పరుపు బల్లలా గట్టిగా ఉంది, పిడికిలితో గుద్దితే పిడికిలికే నొప్పి, పరుపుకీ అంచుకీ మధ్య వేలు కూడా దూరలేదు, పక్కలకు గుడ్డ కాదు, వల, మొహం ఆనించి గాలి పీల్చి చూసింది, ఊపిరి ఇట్టే ఆడింది, మంచం వైపు అడ్డు చిన్నగా బెత్తెడు ఎత్తున మిగిలి ఉంది, బిడ్డ దొర్లదు, చెయ్యి మాత్రం దాటుతుంది, రెండు పట్టీలు పరుపు కిందుగా పోయి మంచం ఆవలి వైపు చట్రానికి బిగుస్తాయి, అత్తయ్యా, మీరు లాగండి అంది, అత్తయ్య ముందు మొహమాటంగా లాగింది, తర్వాత సంచి పక్కన పెట్టి, కాలు మంచానికి తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగింది, అది కదిలితే ఒట్టు, మంచం మొత్తం ఒక అంగుళం వచ్చింది గానీ తొట్టె మంచాన్ని వదల్లేదు.

అయినా పూర్తిగా లొంగలేదు అత్తయ్య, ఊపిరి తీసుకుంటూ, సరే, పడదు, ఇరుక్కోదు, ఒప్పుకున్నా, కానీ ఆకలేసి ఏడిస్తే, నీ బిళ్ల పాడైతే, నీ చెయ్యి నిద్రలో జారిపోతే అంది, ఈసారి పందెం మూతి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్న మొహం, దీనికి తన దగ్గర జవాబు లేదని అనుకుంటూ వచ్చింది ఇన్ని నెలలూ, ఇప్పుడు నోరు తెరవగానే అది సిద్ధంగా ఉంది, ఏడిస్తే మీకు వినపడుతుంది కదా అత్తయ్యా, గోడ అవతలే కదా మీ గది, వినపడితే లేచి రండి, వచ్చి నన్ను తట్టండి, బిడ్డని మాత్రం ముట్టుకోకండి, ఎత్తుకునేది నేను, ఆఖరి ముక్క కాస్త కటువుగా వచ్చింది, వచ్చినా వెనక్కి తీసుకోలేదు, నన్ను మళ్లీ డ్యూటీలో పెడుతున్నావన్నమాట, ఫోను కాలు వస్తే కలిపి పక్కకు తప్పుకోవాలి, మధ్యలో మాట్లాడకూడదు అంది అత్తయ్య, అదేనండి అంది ఆమె, నలభై ఏళ్లు అదే చేశాను, ఇదొకటా నాకు కష్టం అని అత్తయ్య నవ్వింది, కళ్లు మాత్రం కాస్త తడిగా ఉన్నాయి, ఇష్టంగా ఒప్పుకుందో తప్పక ఒప్పుకుందో చదవలేకపోయింది, పెదాలు చదవగలదు గానీ మనసు చదివే చదువు తనకూ లేదు, ఒప్పుకుంది, అది చాలు ఇవాళ్టికి.

అమ్మాయి బూడిద తొట్టెలో అందంగా ఉండటానికి ఒక బుల్లి దిండూ ఒక బొచ్చు దుప్పటీ పెట్టి, ఇవి మా తరఫున అంది, ఆమె రెండూ తీసి అమ్మాయి చేతిలో పెట్టింది, వద్దమ్మా, పరుపూ దాని మీద బిగుతుగా తొడిగే గుడ్డా, అంతే, ఇంకేమీ అక్కర్లేదు అంటే, బోసిగా ఉండదా అక్కా అంది అమ్మాయి, బోసిగానే ఉండాలి అని ఈసారి అన్నది అత్తయ్య, విప్పి కట్టే మనిషిని పిలవడానికి అమ్మాయి లోపలికి వెళ్లింది, అత్తయ్య ఆ మంచం అంచున కూర్చుని చీలమండ రుద్దుకుంటోంది, ఆమె తొట్టె అంచు మీద చెయ్యి ఆనించి నిలబడింది, కడుపులోది ఎటో తిరిగి మడమతో పక్కటెముకను తోసింది, చెవుల్లో కొట్టు రొద అలాగే ఉంది, అయినా అది ఎక్కడో దూరంగా, తనకు సంబంధం లేనట్టుగా ఉంది, ఎందుకంటే ఇందాకటి బొమ్మ కళ్లముందు నుంచి పోవడం లేదు, అది జారిన తీరు, ఇన్ని నెలలూ ఏమనుకుంది తను, వినపడే తల్లి కాపలా కాయగలదు, తను కాయలేదు, వినపడే తల్లుల బిడ్డలు క్షేమం, తన బిడ్డ అదృష్టం మీద బతకాలి, ఎవరికీ చెప్పలేదు గానీ ఇదే మాట లోపల రోజుకింత తింటూ వచ్చింది, ఆయన నవ్వించినప్పుడూ, డాక్టరమ్మ ధైర్యం చెప్పినప్పుడూ, కానీ ఇందాక ఆ రెండు చెవులు, చీమ నడిస్తే వినే చెవులు, అక్కడే ఉన్నాయి, మెలకువగా, పట్టపగలు, బొమ్మకి ఒక మూరెడు దూరంలో, వాటికేం తెలిసింది, తన చెయ్యి దాని మీదే ఉంది, అది మెలకువగా ఉంది కాబట్టి తెలిసింది, నిద్రలో ఉంటే తనకూ తెలిసేది కాదు, ఆకలైతే బిడ్డ ఏడుస్తుంది, తడిస్తే ఏడుస్తుంది, ఊరికే కూడా ఏడుస్తుంది, ఏడ్చే బిడ్డకు ఊపిరి ఆడుతున్నట్టే, ఒక నిమిషం అటో ఇటో ఎవరో ఒకరు లేస్తారు, ఊపిరి ఆడని బిడ్డ మాత్రం ఏడవదు, ఏడవలేదు, దేనికి తను భయపడాలో అది చప్పుడు చేయదు, చప్పుడు చేయనిదాన్ని వినే చెవి ఏ తల్లికీ లేదు, అత్తయ్యకీ లేదు, ఈ కొట్లో తొట్టెలు ఏరుకుంటున్న ఏ తల్లికీ లేదు, ఆ ఒక్క చోట అందరికీ తనలాగే వినపడదు, కనుక అక్కడ కాపలా అంటే చెవి కాదు, బిడ్డని పడుకోబెట్టకముందే, వెలుతురుండగానే, కళ్లతో చూసి చేతులతో తడిమి సందు మూసేయడమే, ఆ పని తను చేయగలదు, చేసేసింది కూడా.